ఖాళీ తిరగలి

"ఉన్నాడా, పోయాడా? ఏదో ఒకటి చెప్పు."

అడిగింది తల్లి. ఆస్పత్రి వరండాలో, జనం పక్కకి తప్పుకుని నడుస్తుండగా, చేతులతో అడిగింది. జవాబు చెప్పాల్సిన కూతురికి అప్పటికింకా పాలపళ్ళే పూర్తిగా ఊడలేదు. తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే వినపడదు. పిల్లకి మాత్రం పక్కింట్లో చెంచా పడ్డా వినపడుతుంది. అంచేత కరెంటు బిల్లువాడొచ్చినా, ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి రంకెలేసినా ఆ ఇంటికి దుభాషి ఆ పిల్లే. ఆ రోజు డాక్టరు బయటికొచ్చి, పిల్ల తలమీద చెయ్యేసి, "మేం చెయ్యగలిగిందంతా చేశామని అమ్మకి చెప్పమ్మా" అన్నాడు. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేసేశారు అని.

తల్లి మొహం విచ్చుకుంది. డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది. నవ్వింది. ఆయన బిత్తరపోయి చెయ్యి లాక్కున్నాడు. లోపల్నించి తండ్రిని, మొహం మీదుగా దుప్పటి కప్పి, చక్రాల మంచం మీద తోసుకొస్తున్నప్పుడు కూడా ఆ నవ్వు ఆవిడ పెదాల మీంచి పూర్తిగా దిగలేదు. దారి తెలియని మనిషిలా అక్కడే కాసేపు ఆగిపోయింది. ఆ నవ్వుతోనే ఆవిడ ఆ ప్రశ్న అడిగింది.

ఇలాంటి కథ వినగానే కళ్ళు తుడుచుకుని, పాపం పసిపిల్ల అనేవాళ్ళుంటారు. తల్లి అలా అనలేదు. కార్యక్రమాలన్నీ అయ్యాక పిల్లని ఎదురుగా కూచోబెట్టి ఒక్కటే చెప్పింది. "నువ్వు చెప్పాల్సింది వాళ్ళ మాటలు కాదు. ఎవరు ఏం చేశారు, ఎవరికి ఏమైంది, అది చెప్పు. తెలీకపోతే తెలిసేదాకా అడుగు. అడగడానికి సిగ్గయితే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచో. ఊరికే ఊపకు."

ఆ పిల్ల పేరు జడ. బళ్ళో వేరే పేరుండేది గానీ వినపడనివాళ్ళ మధ్య పేర్లు చేతులతో పెడతారు, పిలిచేదీ ఆ చేతిపేరుతోనే. చిన్నప్పుడు భుజం మీదికి పొడుగాటి జడ ఉండేది గనక భుజం మీంచి వేళ్ళు కిందికి జారిస్తే ఆమె. తర్వాత జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది, చెవుల దగ్గర నెరిసింది కూడా. పేరు మాత్రం జడే.

తండ్రి పోయాక తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు సరిచేసేది. నడుములు వదులు చెయ్యడం, అంచులు కుట్టడం, జిప్పులు మార్చడం. జడ చదువుకుంది, పరీక్ష రాసి ప్రభుత్వం వారి దుభాషీల పట్టీలో పేరెక్కించుకుంది. కోర్టుల్లో చెప్పింది, పోలీస్ స్టేషన్లలో చెప్పింది, ఓ కాన్పు గదిలో నర్సు అరుపులన్నీ అంతే అరుపుగా చేతులతో చెప్పింది. లాయర్లు ఆమెని చూస్తే విసుక్కునేవాళ్ళు. "తగు చర్యలు తీసుకోబడును" అని ఎవరైనా అంటే జడ చేతులు కిందికి దించేసి "ఎవరు తీసుకుంటారు సార్?" అనేది. అది మొండితనం కాదు. సైగల్లో మనిషిని గాల్లో ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి, ఇదిగో వీడు, అదిగో వాడు అని. ఆ తర్వాతే వీడు వాణ్ణి కొట్టాడో ముద్దుపెట్టుకున్నాడో చెప్పడం కుదురుతుంది. మనిషి లేకుండా పని జరిగిపోయే వాక్యాలు నోటికి సాధ్యం. చేతులకి కావు.

అలాంటి మనిషి సీసాల ఫ్యాక్టరీ మెట్లెక్కింది.

ఆ ఫ్యాక్టరీలో సీసాలు చూసే హాలని ఒకటుంది. కొలిమిలోంచి వచ్చిన సీసాలు చల్లారాక కదిలే పట్టా మీద వరసగా, తెల్లటి వెలుగు పలక ముందునుంచి వెళ్తుంటాయి. ఎదురుగా స్టూళ్ళ మీద కూచున్నవాళ్ళు ఆ వెలుగులో బీట, బుడగ, వంకర చూసి చెడ్డ సీసాని మెడ పట్టుకుని తీసేస్తారు. సీసాలు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు పళ్ళలోకి దిగుతుంది. వినపడేవాళ్ళని పెడితే వారం తిరక్కుండా తలనొప్పని పారిపోయేవాళ్ళట. అందుకని ఎప్పుడో ఓ తెలివైన ఓనరు అందరూ వినపడనివాళ్ళనే పెట్టాడు. ఆయన దాన్ని దయ అన్లేదు, సౌకర్యం అన్నాడు. దయ అనడం తర్వాతొచ్చిన మేనేజర్లతో మొదలైంది. వీళ్ళు హాలు గోడ మీద 'మౌన వీరులు' అని పెద్దక్షరాలతో రాయించారు.

"వీరుల బాత్రూంలో బల్బు పోయి నెలయింది. అది కూడా రాయించమను" అన్నాడు మచ్చ.

మచ్చంటే బుగ్గ మీద రూపాయంత పుట్టుమచ్చ ఉన్న పెద్దమనిషి. హాలుకి అతనే పెద్ద. జడ తండ్రికి బళ్ళో జతగాడు, జడకి బాబాయి. అతని పక్క స్టూలు మీద ఉంగరాల జుట్టున్న ఆవిడ పేరు ఉంగరం. నోటితో కోసినట్టు మాట్లాడే మనుషులుంటారు చూడండి, ఈవిడ అంత పనీ వేళ్ళతో చేస్తుంది.

జడని పిలిచింది నెలనెలా జరిగే మీటింగు కోసం. మేనేజరు చెడ్డవాడేం కాదు. అందర్నీ పలకరిస్తాడు, టీ తనే అందిస్తాడు. కానీ మైకు ముందు నిలబడితే ఆయన నోట్లోంచి ఆయన పోయి ఇంకెవరో వచ్చేవాళ్ళు. "మనందరం ఒక విజన్‌కి అలైన్ అవ్వాలి. ప్రతి ఒక్కరూ ఓనర్‌షిప్ తీసుకోవాలి. మైండ్‌సెట్ మారితే మన జర్నీ నెక్స్ట్ లెవెల్‌కి వెళ్తుంది. ఎందుకంటే మనం కంపెనీ కాదు, కుటుంబం."

జడ చేతులు ఆగిపోయాయి. "సార్, ఎవరు ఎవరితో అలైన్ అవ్వాలి?"

"అందరూ... అందరితో, మేడం."

"ఓనర్‌షిప్ అంటే వీళ్ళకి ఏమిస్తారు?"

"ఇవ్వడం కాదండీ, తీసుకోవడం. మీరు ఆగకండి, ఫ్లోలో చెప్పెయ్యండి."

మొదటి రెండు మీటింగులూ జడ కుస్తీ పట్టింది. అడిగింది, చెమటలు కక్కింది, అటు మేనేజరుకీ ఇటు హాలుకీ విసుగు పుట్టించింది. అరగంట మీటింగు గంటన్నర పట్టింది. టీ చల్లారిపోయింది. మూడోసారి మేనేజరు గొంతు సవరించుకోగానే మచ్చ స్టూలు మీంచి, "అమ్మాయ్, ఎందుకా తంటా" అని, ఎడమ అరచెయ్యి పరిచి దాని మీద కుడి పిడికిలి గుండ్రంగా తిప్పాడు. తిరగలి. తర్వాత అరచెయ్యి ఎత్తి చూపించి ఉఫ్‌మని ఊదాడు. పిండి లేదు. ఖాళీ తిరగలి తిరుగుతోంది.

హాలంతా ఘొల్లుమంది. తమ నవ్వు తమకి వినపడని మనుషుల నవ్వు అది, అడ్డూ ఆపూ ఉండదు. మేనేజరు మొహం వెలిగిపోయింది. తన మాట ఇంతగా ఎక్కిందని ఆయన జీవితంలో మొదటిసారి చూశాడు.

అక్కణ్ణించి అదొక పద్ధతైపోయింది. మేనేజరు సమాచారం చెబితే, అంటే ఫలానా తేదీ సెలవనో, కొత్త చేతితొడుగులొచ్చాయనో చెబితే, జడ వివరంగా చెప్పేది. విజన్ మొదలవగానే పిడికిలి తిప్పేది. అరచేతులూ ఊదడాలూ పోయి చివరికి ఉత్త పిడికిలే మిగిలింది. తిరిగినంతసేపు హాల్లో వాళ్ళు ఒకళ్ళ పిల్లల సంగతి ఒకళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. పిడికిలి ఆగగానే అందరూ చేతులు పైకెత్తి వేళ్ళు గలగలా ఆడించేవాళ్ళు. వినపడనివాళ్ళ చప్పట్లవి. ఎంత తొందరగా చేతులెత్తితే అంత తొందరగా టీ. ఆఫీసులో హెచ్చార్ అమ్మాయి దాన్ని ఫోనులో వీడియో తీసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, అందరికీ పంపేది.

ఇది తప్పని జడకి తెలుసా? తెలుసు. కానీ తప్పులా అనిపించలేదు. అక్కడ చెప్పడానికేమీ లేనప్పుడు, ఏమీ లేదని చెప్పడం నిజమే కదా అనుకుంది. చదువుకున్నవాళ్ళందరూ తమకి నచ్చిన సుఖాన్ని ఇలాగే నిజమనుకుంటారు.

వింత ఎక్కడ మొదలైందంటే, ఒకనాటి మీటింగులో మేనేజరు మాట్లాడుతూ మాట్లాడుతూ తనే పిడికిలి తిప్పాడు. జడ వైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వి, "ప్రోగ్రెస్, కదూ? మీ చేతుల్ని చూసి నేర్చుకున్నా" అన్నాడు. ఉంగరం నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. జడ తల అడ్డంగా ఊపాల్సింది, నిలువుగా ఊపింది.

తర్వాతిసారి వెళ్ళేసరికి మెట్ల దగ్గర మేనేజరు బొమ్మతో పోస్టరు. పిడికిలి ఛాతీ ముందు, కింద 'ముందుకే' అని. ఆ నెల హెడ్డాఫీసు వాళ్ళు గోడమీది తెర మీదికొచ్చారు. గళ్ళు గళ్ళుగా మొహాలు, ఎవరి వెనక ఏ గోడుందో తెలియని మనుషులు. వాళ్ళలో ఒకాయన, "సైలెంట్ హీరోస్‌కి వాళ్ళ భాషలోనే హాయ్ చెబుదాం" అన్నాడు. ఒక్కసారిగా తెర మీద అన్ని గళ్ళలో అన్ని పిడికిళ్ళూ తిరగడం మొదలెట్టాయి. ఒకే వైపుకి, ఒకే వేగంతో. మొహాలు నవ్వుతున్నాయి. తెర అవతల గొంతు ఆగిపోయింది గానీ పిడికిళ్ళు ఆగలేదు. ఎవరు ముందు ఆపాలో వాళ్ళకి తెలిసినట్టు లేదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. మచ్చ జడ వైపు చూసి, "నేను పుట్టించిన జోకేనా ఇది?" అన్నాడు.

ఆ వారంలోనే ఓ సాయంత్రం జడ ఇంట్లో కుర్చీలో కూచుని కిటికీ వైపు చూస్తోంది. టీవీ లేదు, ఫోను పక్కగదిలో ఉంది. తల్లి మిషను మీంచి తలెత్తి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వాకిలి వైపు చూసింది. తర్వాత వంటింటి వైపు చూసింది.

"ఎవరు మాట్లాడుతున్నారు?" అంది.

"ఎవరూ లేరే అమ్మా."

"మరి?" అని తల్లి జడ ఒళ్ళోకి చూపించింది.

జడ కిందికి చూసుకుంది. కుడి పిడికిలి తిరుగుతోంది. నెమ్మదిగా, సమంగా, తనకి సంబంధం లేని పనిలా. ఆమె చూశాక కూడా ఇంకో చుట్టు తిరిగి అప్పుడాగింది.

"అలవాటైపోయింది" అంది జడ.

తల్లి నమ్మలేదు. ఆవిడకి ఆ సైగ సంగతి జడే నవ్వుతూ చెప్పింది, ఎవరో ఒకరు వాగుతుంటేనే అది తిరుగుతుందని. తిరుగుతోందంటే ఎవరో వాగుతున్నట్టే. ఆవిడ లేచి వెళ్ళి వాకిలి తలుపు గడియ పెట్టి వచ్చింది.

తర్వాతి నెల మీటింగు మామూలు మీటింగులాగే జరిగింది. మేనేజరు కాయితం చూసి చదివాడు. మామూలుగా చూసి చదవడు, జడకి అదైనా తట్టాల్సింది. "ఈ హాలు తన జర్నీలో కొత్త ఫేజ్‌లోకి ట్రాన్సిషన్ అవుతోంది. లీన్‌గా, స్మార్ట్‌గా, ఫ్యూచర్ రెడీగా మనం రీఅలైన్ అవుతున్నాం. మన కుటుంబ సభ్యులు కొత్త అవకాశాలు ఎక్స్‌ప్లోర్ చేసుకునేందుకు వారికి పూర్తి స్వేచ్ఛ కల్పించబడుతుంది. దీనికి మీ అందరి సహకారం ఉంటుందని ఆశిస్తున్నాం."

పిడికిలి తిరిగింది, ఆగింది.

హాలంతా చేతులు లేచాయి. తెల్లటి వెలుగు పలక ముందు, ఆగిన పట్టా పక్కన, అన్ని చేతులూ పైకి లేచి వేళ్ళు ఆడాయి. చప్పుడు లేదు. నీళ్ళ అడుగున నాచు ఊగినట్టుంది. హెచ్చార్ అమ్మాయి ఎప్పటిలాగే ఫోనెత్తింది గానీ ఈసారి కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. మొహం పాలిపోయి, చివరి చెయ్యి దిగేదాకా తీస్తూనే ఉంది. మేనేజరు ఎవరికీ టీ అందించలేదు.

పది రోజులకి హాల్లోకి పెద్ద పెట్టె వచ్చింది. విప్పితే అందులో సీసాలు చూసే మెడ పొడుగు యంత్రం, మెడ చివర ఒకటే కన్ను. టేపు పట్టుకున్న మనుషులిద్దరు స్టూళ్ళ మధ్యనుంచి నడుస్తూ, కూచున్నవాళ్ళని కుర్చీల్లా తప్పుకుంటూ, నేల కొలిచారు. మచ్చ పనయ్యాక తిన్నగా జడ ఇంటికొచ్చాడు. చెప్పులైనా విప్పలేదు.

"అమ్మాయ్, హాలు ఉందా, పోయిందా? ఏదో ఒకటి చెప్పు."

మిషను ఆగింది. ఆ ప్రశ్నని తల్లి కూడా చూసింది. ఆస్పత్రి వరండా ఆ గదిలోకి వచ్చి నిలబడినట్టయింది. "కనుక్కుని చెబుతా బాబాయ్" అంది జడ. అనేటప్పుడు మాత్రం రెండు చేతులూ దగ్గరగా పెట్టుకుంది, కుడిచెయ్యి మీద నమ్మకం లేక.

మర్నాడు హెచ్చార్ అమ్మాయి ఆమెని గదిలోకి పిలిచి తలుపేసింది.

"మేడం, మీకు తెలీదా? అనౌన్స్ చేశాం కదా."

"ఏం అనౌన్స్ చేశారు?"

"హాలు మూసేస్తున్నామని. అందరూ ఇష్టపడి మానేస్తున్నట్టేగా, అందుకని నోటీసు జీతం గానీ పరిహారం గానీ ఉండదని. వీడియో ఉందండీ." ఆ అమ్మాయి ఫోను తిప్పి చూపించింది. మేనేజరు గొంతు, తర్వాత లేచిన చేతులు. ఎక్కడా ఒక్క చెయ్యి కూడా కింద లేదు. "హెడ్డాఫీసులో దీన్ని నూటికి నూరు శాతం కన్సెంట్ అంటున్నారు." కాస్త గొంతు తగ్గించింది. "నేనూ ఆశ్చర్యపోయాను. ఒక్కళ్ళయినా ఏడవలేదేంటా అని."

చేతులెత్తినవాళ్ళలో ఇరవయ్యేళ్ళు దాటి పనిచేసినవాళ్ళున్నారు. ఆ హాలు పోతే వాళ్ళకి ఇంకో హాలు లేదు. నోటీసు జీతం, పరిహారం వస్తే ఏడాదో రెండేళ్ళో గడుస్తాయి, రాకపోతే వచ్చే నెల అద్దె కూడా లేదు. చేతులెత్తింది ఒప్పుకుని కాదని రుజువు చెయ్యగలిగే మనిషి లోకంలో ఒక్కతే. ఆ మనిషి అది చెప్పాలంటే, నేను వాళ్ళకి ఏమీ చెప్పలేదు అని చెప్పాలి. దుభాషి ఆ మాటంటే పట్టీలోంచి పేరు కొట్టేస్తారు.

ముందు హాలుకి చెప్పింది. ఫ్యాక్టరీ బయట, బస్సు షెడ్డు కింద, అందర్నీ నిలబెట్టి, ఎవరు ఏం చేశారో, ఎవరికి ఏమవుతోందో, తల్లి నేర్పినట్టు ముక్కముక్కగా చెప్పింది. తనని కూడా గాల్లో ఓచోట నిలబెట్టి, ఇదిగో ఇది తిరగలి తిప్పింది అని చూపించింది.



"అంటే మా ఉద్యోగాలు ఊడినందుకు మేమే చప్పట్లు కొట్టామా?" అంది ఉంగరం. "బాగుందే. తద్దినం భోజనానికి మనల్నే పిలిచి మన ఫొటోకే దండేయించినట్టుంది." తర్వాత జడ దగ్గరికొచ్చి కుడి మణికట్టు పట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెడ్డ సీసాని వదిలేసినట్టు వదిలేసింది.

మచ్చ మాత్రం, "జోకు నాది. తిప్పింది నువ్వు. పద, లేబర్ ఆఫీసులో ఇద్దరం కలిసే చెబుదాం" అన్నాడు.

లేబర్ ఆఫీసరు నడివయసావిడ. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఒకవైపు మేనేజరూ కంపెనీ వకీలూ, ఇంకోవైపు హాలు హాలంతా. గోడల పొడుగునా నిలబడ్డారు. జడ జరిగిందంతా చెప్పింది. వకీలు లేచి, తప్పు చేశానని తనే ఒప్పుకుంటున్న దుభాషిని ఎలా నమ్ముతారని అడిగాడు. ఆఫీసరు, "ఇంకో దుభాషి ఉన్నారా?" అంది. ఆ చుట్టుపక్కల లేరు. "అయితే ఈవిడే చెబుతారు. మీరు మాట్లాడేది వాళ్ళకి తెలియాలి. సార్, మీరు లేచి, ఆ రోజు ఏం చెప్పారో మళ్ళీ చెప్పండి" అంది మేనేజరుతో.

మేనేజరు లేచి నిలబడ్డాడు. కాయితం లేదు. గొంతు సవరించుకున్నాడు. "యాక్చువల్లీ మేడం, మనం ఒక ట్రాన్స్‌ఫర్మేషన్ జర్నీలో..."

జడ కుడి పిడికిలి బిగుసుకుంది. తను బిగించలేదు. అది లేచి ఛాతీ ముందుకొచ్చి తిరగబోయింది. గోడల పొడుగునా కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయి. ఎన్నో నెలల అలవాటు, ఎవరో ఒకరి చేతులు అప్పుడే నడుం దాకా లేచాయి కూడా. జడ ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుంది. అది కొట్టుకుంది. వేటలో దొరికినదాన్ని పట్టుకున్నట్టు రెండు మోకాళ్ళ మధ్యా బిగించి పట్టుకుని, నోటితో అంది.

"సార్, నేనిది చెప్పలేను. ఎవరు, ఎవర్ని, ఏం చేస్తున్నారో చెప్పండి. అది చెబితే చెబుతాను."

"అదే చెప్తున్నా కదండీ. రీఅలైన్‌మెంట్‌లో భాగంగా..."

"ఎవరు సార్?"

"కంపెనీ... అంటే మేనేజ్‌మెంట్... మనం..."

"మీరా?"

"నేను కాదు."

"హెడ్డాఫీసులో ఎవరు?"

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. ఈసారి వచ్చింది గానీ 'జర్నీ' అని వచ్చింది. తనకి కావల్సిన మాట కోసం ఇల్లంతా వెతుకుతూ, ఏ గది తలుపు తీసినా అదే గోడ కనిపిస్తున్న మనిషిలా ఉన్నాడు. ఆఫీసరు కటువుగా కాదు, మెల్లగానే అడిగింది. "హాలు ఉంటుందా, మూస్తారా? ఒక్క మాట."

"విజన్..." అన్నాడాయన. ఆగిపోయాడు. జడ వైపు తిరిగి, లోగొంతుతో, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మేడం, ఆ రోజు నేనేం చెప్పానో మీరు చెబుతారా?"

బల్ల మీద ఆయన పిడికిలి తిరుగుతోంది. దాని కింద వకీలు కాయితం మడతలు పడుతోంది. ఆయనకి తెలీదు. గోడల వెంట ఉన్నవాళ్ళందరూ చూశారు. ఒక్క చెయ్యి లేవలేదు. ఇరవయ్యేళ్ళుగా బీటలు పట్టుకున్న కళ్ళు అవి. వెలుగులో పెట్టిన సీసాని చూసినట్టు ఆయన్ని చూస్తూ ఉండిపోయాయి.

అప్పుడు జడ చేతులు విప్పుకుని హాలు వైపు తిరిగి చెప్పింది. మేనేజరుని ఒకచోట నిలబెట్టింది, హెడ్డాఫీసుని ఆయన వెనక నిలబెట్టింది, ఒంటికన్ను యంత్రాన్ని పక్కన పెట్టింది. వీళ్ళు చెప్పారు, ఆయన చదివాడు, హాలు పోయింది, డబ్బు ఇవ్వరట, మీరు ఒప్పుకున్నారంటున్నారు. చెప్పడానికి మూడు ఊపిర్లు పట్టలేదు. అదే సంగతి మళ్ళీ నోటితో ఆఫీసరుకి చెప్పింది. "ఇంతేనా సార్?" అని మేనేజరుని అడిగింది.

"ఇంతే" అన్నాడాయన. కూచున్నాడు. బరువు దిగినట్టున్నాడు గానీ పిడికిలి మాత్రం తిరుగుతూనే ఉంది. పక్కనున్న వకీలు దాని మీద తన చెయ్యి వేసి ఆపాడు.

మచ్చ ముందుకొచ్చి, మొదటిసారి ఆ గదిలో తన మాట చెప్పాడు. "మేం ఒప్పుకోలేదు. ఆ రోజు మాకేమీ తెలీదు." జడ దాన్ని పలికింది. అందులో కలపాల్సిందీ తియ్యాల్సిందీ ఏమీ లేకపోయింది.

చేతులెత్తడం ఒప్పుకోలు కాదని ఆఫీసరు తీర్పు రాసింది. హాలు మూతపడింది, అది ఆగలేదు. కానీ నోటీసు జీతమూ పరిహారమూ అందరికీ ముట్టాయి. మచ్చ ఇప్పుడు మనవరాలిని బడికి తీసుకెళ్ళడం తప్ప ఏ పనీ పెట్టుకోలేదు. ఉంగరం ఓ లాండ్రీలో చేరింది, అక్కడి ముసలి ఓనరుకి చేతులతో తిట్లు నేర్పుతోందట. జడ పేరు పట్టీలోంచి తీసేశారు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్ష రాసుకోవచ్చన్నారు. తల్లి ఆ సంగతి విని, "మొత్తానికి అడిగావుగా" అని సూదిలోకి దారం ఎక్కించుకుంది. పక్కన ఇంకో స్టూలు వేసి బొత్తాలు కుట్టే పని జడకిచ్చింది. కుడిచేతికి సూది ఉంటే మంచిదని ఆవిడ ఉద్దేశం.

మంచిదే. సూది పట్టుకున్నంతసేపు ఆ చెయ్యి బుద్ధిగా ఉంటుంది. దారం తెంపి సూది గుచ్చిపెట్టాక, గదిలో చప్పుడేదీ లేని వేళ, తల్లి ఉన్నట్టుండి తలెత్తి వాకిలి వైపు చూస్తుంది. అప్పుడు జడ ఒళ్ళోకి చూసుకోదు. లేచెళ్ళి తనే గడియ పెట్టి వస్తుంది.

ఫ్యాక్టరీ మెట్ల దగ్గర పోస్టరు ఇంకా ఉందని దారిన పోయేవాళ్ళు చెబుతారు. మేనేజరు ఇప్పుడక్కడ లేడు. ఆయన స్థానంలో వచ్చినవాళ్ళకి జడ రెండుసార్లు ఉత్తరం రాస్తే, విషయం ప్రాసెస్‌లో ఉందని జవాబొచ్చింది. చివరి రెండు మీటింగుల దుభాషి రుసుం కంపెనీ ఆమెకి ఇంకా ఇవ్వాలి.